1,184 కాటా చీటీల బ్యాచ్‌లో 793 ఇంపోర్ట్ కాలేదు: ఎక్కడి నుంచి సరిదిద్దుకుంటూ రావాలి?

గుమాస్తా_చిత్తూరు

అందరికీ నమస్కారం. చిత్తూరుకు దగ్గరలో ఉన్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నేను పదకొండేళ్లుగా లెక్కలు చూస్తున్నాను. మాది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, పుస్తకాలు టాలీ ప్రైమ్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. సీజన్‌లో లారీలు, ట్రాక్టర్లు రాత్రీ పగలూ వస్తూనే ఉంటాయి కనుక తోతాపురి కొనుగోళ్లను ఏ రోజువి ఆ రోజు ఎక్కించడం మాకు ఎన్నడూ కుదరలేదు. కాటా దగ్గరి కంప్యూటర్‌లో నమోదైన చీటీలను సీజన్ సద్దుమణిగాక సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో విడదీసిన సాదా డేటా ఫైలుగా) తెచ్చుకుని, ఎక్సెల్‌లో తెరిచి, మాక్రో అనే చిన్న ప్రోగ్రాంతో టాలీ చదవగల ఎక్స్‌ఎంఎల్ రూపంలోకి మార్చి, ఒకే బ్యాచ్‌గా టాలీలోకి ఇంపోర్ట్ చేస్తాము. గడచిన నాలుగు సీజన్లలో ఈ పద్ధతి వల్ల చెప్పుకోదగిన ఇబ్బంది ఏదీ రాలేదు.

ఈసారి 2025 జూన్ నెలకు 1,184 చీటీలు ఉన్నాయి. వాటి నంబర్లు 2,001 నుంచి 3,184 వరకు వరుసగా ఉన్నాయి. అక్టోబరులో తీరిక దొరికినప్పుడు ఇంపోర్ట్ చేస్తే 391 వోచర్లు (ఒక్కో చీటీకి ఒక్కో ఎంట్రీ) ఎక్కాయి, 793 తిరిగొచ్చాయి. టాలీ ఫోల్డర్‌లోని టాలీ.ఐఎంపీ అనే లాగ్ ఫైలు తెరిచి ఓపికగా విడదీసి చూశాను. 768 చీటీలకు తేదీ సరిగా లేదని, 19 చీటీలకు ఆ పేరుతో లెడ్జర్ (ఖాతా) లేదని, 6 చీటీలకు డెబిట్, క్రెడిట్ మొత్తాలు సరిపోలడం లేదని వచ్చింది. ఆ ఆరింటిలోనూ తేడా ఒక్క పైసా మాత్రమే.

మా ఎంట్రీ చాలా మామూలుది. మామిడి కొనుగోలు ఖాతాకు డెబిట్, ర్యాంపు (కాయను సేకరించి ఫ్యాక్టరీలకు పంపే చోటు) వారికి ఇవ్వవలసిన 1.5 శాతం కమీషన్‌కు క్రెడిట్, మిగిలిన మొత్తం రైతు ఖాతాకు క్రెడిట్. ధర కిలోకు 8 రూపాయలు. ప్రభుత్వం కిలోకు ఇస్తామన్న 4 రూపాయలు రైతుకు నేరుగా చేరేవి కనుక మా పుస్తకాల్లోకి రావు. పండు మెత్తబడిన లోడ్లు కొన్నింటికి 2.5 శాతం తరుగు తీస్తాము.

ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల డెబిట్, క్రెడిట్ మొత్తాల పట్టిక) సరిపోతోంది. ఎక్కిన 391 సరిగానే ఉన్నాయి కనుక వాటి జోలికి పోకుండా, మిగిలిన 793 చీటీలను మాత్రం సరిదిద్ది మళ్లీ పంపాలని నా ఆలోచన. తేదీల తప్పును ఒకేసారి సరిచేసే మార్గం ఉందా, లేక ఒక్కొక్కటీ చేత్తో దిద్దుకోవలసిందేనా? ఇదే మాక్రోతో సెప్టెంబరు, అక్టోబరు నెలల గుజ్జు అమ్మకాలను కూడా ఎక్కించవలసి ఉంది కనుక కొంత తొందరలో ఉన్నాను. ఈ పని చేసిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

ఆడిట్_బైరాగిపట్టెడ

గుమాస్తా గారూ, తిరుపతిలో ఇరవై ఏళ్లకు పైగా ఆడిట్ పని చేస్తున్నవాడిని. మీరు అడిగిన ప్రశ్నకు తరువాత వస్తాను. ముందు, మీరు సరిగా ఉన్నాయని పక్కన పెట్టిన 391 వోచర్ల దగ్గరికి వెళ్లండి. తిరిగొచ్చిన 793 చీటీలు తమలో తప్పుందని తామే చెప్పాయి. ఎక్కినవి ఏమీ చెప్పలేదు, నాకు భయం వాటితోనే.

నా అనుమానం ఇది. తేదీ సరిగా లేదని తిరిగొచ్చిన ఆ 768 చీటీలు జూన్ 13 నుంచి 30 వరకు ఉన్నవే అయి ఉండాలి. జూన్ 1 నుంచి 12 వరకు ఉన్న చీటీల్లో ఒక్కదానికి కూడా తేదీ తప్పు పడి ఉండదు. అలాగే ఉంటే, ఈ మధ్య మీరు కంప్యూటర్ మార్చారు, ఆ కొత్త కంప్యూటర్‌లో విండోస్ ప్రాంతీయ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉండిపోయింది. మీ కాటా కంప్యూటర్ రోజు ముందు, నెల తరువాత రాస్తుంది. అమెరికా సెట్టింగ్ ఉన్న ఎక్సెల్ నెల ముందు, రోజు తరువాత చదువుతుంది. సీఎస్‌వీ ఫైలును రెండుసార్లు క్లిక్ చేసి తెరవగానే, 04/06/2025 అన్న జూన్ 4వ తేదీని అది ఏప్రిల్ 6గా మార్చుకుని పెట్టుకుంటుంది. 13/06/2025 దగ్గరికి వచ్చేసరికి పదమూడో నెల అన్నది లేదు కనుక, దానిని తేదీగా ఒప్పుకోక మామూలు అక్షరాలుగా వదిలేస్తుంది. మీ మాక్రోలో టెక్స్ట్ ఫంక్షన్ ద్వారా తేదీని 20250613 రూపంలోకి మార్చుతూ ఉంటారు. ఆ ఫంక్షన్ అసలైన తేదీని మార్చగలదు కానీ, అక్షరాలుగా ఉన్నదానిని ఉన్నది ఉన్నట్లే తిరిగి ఇస్తుంది. టాలీకి ఆ గీతల తేదీ చేరింది, అది తిరగ్గొట్టింది. పాపం, టాలీ తన పని తాను సరిగానే చేసింది.

దీనిని నిర్ధారించుకోవడానికి పెద్ద శ్రమ అక్కరలేదు. ఎక్సెల్‌లో ఆ తేదీల నిలువు వరుసను కాస్త వెడల్పు చేసి చూడండి. అసలైన తేదీలు గడిలో కుడి పక్కకు జరిగి ఉంటాయి, అక్షరాలుగా మిగిలిన తేదీలు ఎడమ పక్కకు అంటుకుని ఉంటాయి. తరువాత టాలీలో మామిడి కొనుగోలు లెడ్జర్ తెరిచి, కాల పరిమితిని 1-1-2025 నుంచి 31-12-2025 వరకు పెట్టి, నెలవారీ మొత్తాలు చూడండి. జూన్ నెల మొదటి పన్నెండు రోజులూ తిరగబడితే ఏమవుతుందో కాగితం మీద వేసుకుంటే మీకే తెలుస్తుంది. జనవరి నుంచి డిసెంబరు దాకా ప్రతి నెలా 6వ తేదీనే మీరు మామిడి కొన్నట్లు ఉంటుంది. డిసెంబరు 6న తోతాపురి దిగిన ఫ్యాక్టరీ మన జిల్లాలో మీదొక్కటే అవుతుంది.

నవ్వుకు చెప్పాను కానీ, అసలు చిక్కు మొదటి మూడు రోజుల్లో ఉంది. జూన్ 1, 2, 3 తేదీల చీటీలు 2025 జనవరి 6, ఫిబ్రవరి 6, మార్చి 6 తేదీలకు వెళ్లి ఉంటాయి. అంటే అవి గత ఆర్థిక సంవత్సరంలో పడ్డాయి. ఆడిట్ పూర్తయి సంతకాలైన ఆ సంవత్సరపు లాభం ఈ పాటికి మీ టాలీలో తగ్గి ఉంటుంది. ఒకసారి గత సంవత్సరపు లాభనష్టాల పట్టికను ముద్రించిన ప్రతితో పోల్చి చూసి, ఇక్కడ రాయండి. ట్రయల్ బ్యాలెన్స్ సరిపోతోందన్న ధైర్యం ఈ విషయంలో పనికిరాదు. తేదీ ఏదైనా ఒకే వోచర్‌లో డెబిట్, క్రెడిట్ సమానంగా ఉన్నంత కాలం ట్రయల్ బ్యాలెన్స్ సరిపోతూనే ఉంటుంది.

గుమాస్తా_చిత్తూరు

అయ్యా, మీరు పక్కన కూర్చుని చూసినట్లే చెప్పారు. కొత్త కంప్యూటర్‌ను జూలైలో కొన్నాము, సెట్టింగ్ అమెరికాదే ఉంది. తేదీల్లో సగం ఎడమకు, సగం కుడికి ఉన్న మాట నిజమే. ఇన్నాళ్లుగా ఆ వరుసను చూస్తూ కూడా నేను దానిని ఫాంట్ వ్యవహారం అనుకున్నాను.

ఎక్కిన 391 వోచర్లలో జూన్ 6న సరిగా పడినవి 36 మాత్రమే. అవి కూడా రోజు, నెల రెండూ 6 కావడం వల్ల తప్పించుకున్నవి. గత సంవత్సరంలోకి వెళ్లినవి 97, వాటి విలువ 31 లక్షల పైచిలుకు. గత సంవత్సరపు లాభం సరిగ్గా అంత మేరకు తగ్గింది. మిగిలిన 258 వోచర్లు ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా నెలకొక రోజు చొప్పున, జూన్‌ను మాత్రం విడిచి, చెల్లాచెదురుగా ఉన్నాయి. రాత్రి చాలా సేపు నిద్ర పట్టలేదు. ఇప్పుడు ఈ 391 వోచర్లను ఏం చేయాలి?

బ్యాకప్_ముందు

గుమాస్తా గారూ, ఇంత ఆలోచన దేనికండీ? ఇంపోర్ట్ చేసే ముందు తీసుకున్న బ్యాకప్‌ను రీస్టోర్ చేసుకుంటే 391 వోచర్లూ ఒక్క నిమిషంలో మాయమవుతాయి. తరువాత తేదీలు సరిచేసుకుని మళ్లీ మొదటి నుంచి పంపవచ్చు. నేను తిరుచానూరు రోడ్డులో నాలుగు దుకాణాల లెక్కలు చూస్తాను, ఇంపోర్ట్ తేడా వస్తే ప్రతిసారీ చేసేది ఇదే.

ఇంకొక మాట. తేదీ తప్పులు వచ్చినప్పుడు టాలీ లైసెన్స్ పనిచేస్తోందో లేదో కూడా చూసుకోవాలి. లైసెన్స్ దొరకక, నేర్చుకునేవారి కోసం ఉన్న ఎడ్యుకేషన్ మోడ్‌లో తెరుచుకుంటే 1, 2, 31 తేదీలు తప్ప మిగిలిన తేదీలను అది తీసుకోదు. ఒకసారి రూటర్ మార్చినప్పుడు మాకు ఇలాగే జరిగింది, ఒక పూటంతా ఎక్సెల్‌ను తిట్టుకున్నాము.

ఆడిట్_బైరాగిపట్టెడ

ఎడ్యుకేషన్ మోడ్ సంగతి మంచి సూచనే, కానీ ఇక్కడ అది కారణం కాదు. అదే కారణమైతే 6వ తేదీన వోచర్లు ఎక్కి ఉండేవి కావు.

బ్యాకప్ విషయంలో మాత్రం నేను ఒప్పుకోలేను. దుకాణాల లెక్క వేరు, కంపెనీ లెక్క వేరు. కంపెనీల అకౌంట్స్ నియమాల్లో 3వ నియమం ప్రకారం 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఎంట్రీకి, ప్రతి మార్పుకు జాడ నిలిచి ఉండాలి, ఆ జాడను ఆపివేసే వీలు ఉండకూడదు. అది ఏడాది పొడవునా పనిచేసిందా, ఎవరైనా తారుమారు చేశారా అన్న విషయాన్ని ఆడిటర్ తన నివేదికలో, కంపెనీల ఆడిట్, ఆడిటర్ల నియమాల్లోని 11(జి) నియమం కింద రాయవలసి ఉంటుంది. ఇంపోర్ట్ అయిన డేటా మీద పాత బ్యాకప్‌ను పరిస్తే, 391 వోచర్లు పుట్టిన జాడ, పోయిన జాడ రెండూ కలిసే పోతాయి. మీ తప్పు అమాయకమైనదే కావచ్చు. జాడ లేనప్పుడు దానిని అమాయకమైనదని చూపించుకోవడం మీకూ కష్టం, నమ్మడం మాకూ కష్టం.

పైగా గుమాస్తా గారు ఒక్కరే ఆ కంపెనీలో పని చేయరు. ఇంపోర్ట్ జరిగిన తరువాత బ్యాంకు, నగదు వోచర్లు ఎవరైనా ఎక్కించి ఉంటే, బ్యాకప్ రీస్టోర్‌తో అవి కూడా కొట్టుకుపోతాయి.

నేనైతే ఇలా చేయిస్తాను. ముందుగా ఇప్పుడున్న డేటాను, తప్పులతో సహా, బ్యాకప్ తీసి విడిగా భద్రపరచండి. తరువాత డే బుక్‌లో (రోజువారీ వోచర్ల జాబితాలో) 2,001 నుంచి 2,416 వరకు సప్లయర్ ఇన్‌వాయిస్ నంబర్లు (అంటే జూన్ 12 వరకు ఉన్న మీ చీటీ నంబర్లు) ఉన్న కొనుగోలు వోచర్లను ఎంచుకుని తొలగించండి. జూన్ 6న సరిగా పడిన 36 వోచర్లను కూడా వదలవద్దు, తీసివేయండి. వాటిని ఉంచితే రెండోసారి బ్యాచ్ పంపేటప్పుడు వాటిని ఏరి పక్కన పెట్టాలి, ఆ ఏరడంలో కొత్త తప్పు దొర్లుతుంది. మార్పుల జాడ నిలిపే ఎడిట్ లాగ్‌లో 391 తొలగింపులు నమోదవుతాయి, నమోదు కావాలి కూడా. ఎందుకు తొలగించారో, తేదీలు ఎలా తిరగబడ్డాయో ఒక పేజీలో రాసి, డైరెక్టర్ చేత సంతకం పెట్టించి, టాలీ.ఐఎంపీ ఫైలు ప్రింటు జతచేసి ఫైలు చేయండి. వచ్చే ఏడాది మీ ఆడిటర్ ఆ లాగ్ చూసి అడిగినప్పుడు ఆ కాగితం చేతికివ్వవచ్చు.

ఇక తేదీల సంగతి. ఇప్పటికే ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసిన ఫైలును బాగుచేయాలని చూడవద్దు. అందులో కొన్ని తిరగబడినవి, కొన్ని తిరగబడనివి కలగలిసి ఉన్నాయి. కాటా కంప్యూటర్ నుంచి కొత్తగా సీఎస్‌వీ తీసుకోండి. దానిని నేరుగా తెరవకుండా, ఎక్సెల్‌లో డేటా మెనూ నుంచి టెక్స్ట్ ఫైలుగా తెప్పించి, తేదీ వరుసకు రోజు, నెల, సంవత్సరం అన్న క్రమాన్ని మీరే ఎంచి చెప్పండి. అప్పుడు కంప్యూటర్ సెట్టింగ్ ఏదైనా భయం లేదు. చివరిగా, అడ్మిన్ లాగిన్‌తో ఇంపోర్ట్ చేసే అలవాటు మానుకోండి. ఇంపోర్ట్‌కు వేరే యూజర్‌ను పెట్టి, పాత తేదీల వోచర్లకు కటాఫ్ తేదీ (అంతకు ముందు తేదీతో ఎంట్రీ పడనివ్వని గడువు) ఇచ్చి ఉంటే, ఆ 97 వోచర్లు గత సంవత్సరం గడప తొక్కి ఉండేవి కావు.

పాల_లెక్కలు_పలమనేరు

పై సలహాలు చదివాను, వాటికి తిరుగు లేదు. నేను ఆ ఆరు చీటీల గురించి, 19 లెడ్జర్ల గురించి చెబుతాను. మా డెయిరీలో పాలు పోసే రైతులకు పదిహేను రోజులకొకసారి వేల సంఖ్యలో ఎంట్రీలు బ్యాచ్‌గా వెళ్తాయి. ఒక్క పైసా ఎంత పని చేస్తుందో మాకు తెలిసినంతగా ఇంకొకరికి తెలియదేమో.

గుమాస్తా గారూ, ఆ ఆరు చీటీలూ తరుగు తీసిన లోడ్లవే కదా? తరుగు లేని లోడుకు బరువు పూర్తి కిలోల్లో ఉంటుంది. కిలోకు 8 రూపాయలంటే 1.5 శాతం కమీషన్ సరిగ్గా 12 పైసలు. అందువల్ల అక్కడ పైసా కూడా చీలదు. తరుగు తీయగానే కిలో ముక్కలవుతుంది. ఒక లోడు 4,365 కిలోలు అనుకోండి. 2.5 శాతం తరుగు పోతే మిగిలేది 4,255.875 కిలోలు, విలువ సరిగ్గా 34,047 రూపాయలు. దాని మీద కమీషన్ 510.705, రైతుకు రావలసినది 33,536.295. రెండింటి చివరా అర పైసా ఉంది. రెండు స్థానాలకు కుదించినప్పుడు రెండూ పైకే వెళ్తాయి. 510.71కి 33,536.30 కలిపితే 34,047.01. డెబిట్ 34,047.00 మాత్రమే. ఎక్సెల్ తెర మీద మొత్తం సరిపోయినట్లే కనిపిస్తుంది, ఎందుకంటే లోపల అది అర పైసలను దాచుకుని కూడుతుంది. ఎక్స్‌ఎంఎల్‌లోకి వెళ్లేది మాత్రం కుదించిన అంకె.

దీనికి మందు సులువు. కొనుగోలు విలువను, కమీషన్‌ను రౌండ్ ఫంక్షన్‌తో రెండు స్థానాలకు కుదించండి. రైతుకు రావలసిన మొత్తాన్ని శాతంతో విడిగా లెక్కించకుండా, కుదించిన విలువ నుంచి కుదించిన కమీషన్‌ను తీసివేసి రాబట్టండి. కొందరు రౌండ్ ఆఫ్ లెడ్జర్ ఒకటి పెట్టి తేడాను అందులో వేయమంటారు. మేము మూడేళ్లు అలా చేశాము. పైసల కోసం పెట్టిన ఆ లెడ్జర్‌లోకి నెమ్మదిగా రూపాయలు, ఆ తరువాత వందలు చేరాయి. ఏ తేడా వచ్చినా సిబ్బంది అందులోకే నెట్టడం అలవాటు చేసుకున్నారు. అందుకే నేను దానిని సిఫార్సు చేయను.

19 లెడ్జర్ల విషయానికొస్తే, అవి చాలావరకు ఇంటిపేరు ముందూ వెనుకా అయినవో, కొత్త రైతులవో అయి ఉంటాయి. కె. మునిరత్నం అని లెడ్జర్ ఉంటే, కాటా దగ్గర మునిరత్నం కె. అని కొట్టి ఉంటారు. అవి తిరిగొచ్చాయి కనుక దొరుకుతాయి. ఆడిట్ గారు అన్నట్లు, మాట్లాడనివే ప్రమాదం. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న రైతులు ఇద్దరు రెండు వేర్వేరు ఊళ్ల నుంచి మీకు కాయ తోలుతుంటే, ఇద్దరి చీటీలూ ఒకే లెడ్జర్‌లో పడి ఉంటాయి. టాలీకి ఆ పేరు దొరికింది, అది తీసుకుంది. ఒక రైతుకు డబ్బు ఎక్కువ రావలసినట్లు, ఇంకొక రైతుకు అసలు ఏమీ రావలసినది లేనట్లు కనిపిస్తుంది. మాకు ఒక ఊరిలో ఇలాగే జరిగి, డబ్బు అందని రైతు పాల కేంద్రం ముందు కూర్చున్న తరువాత కానీ బయటపడలేదు. అప్పటి నుంచి ప్రతి రైతు లెడ్జర్ పేరు చివర అతని కోడ్ నంబర్ ఉండాలని నియమం పెట్టుకున్నాము. పాలకు వచ్చే డబ్బాకు కూడా అదే నంబర్.

కొత్త లెడ్జర్లను ఇంపోర్ట్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త. ఇప్పటికే ఉన్న లెడ్జర్లు మళ్లీ వస్తే ఏం చేయాలన్న చోట ప్రారంభ నిల్వలు కలపమన్నది ఎంచుకుంటే, పాత రైతుల ప్రారంభ నిల్వలు రెట్టింపవుతాయి. అక్కడ ఉన్నవాటిని వదిలేయమని చెప్పండి.

ఆడిట్_బైరాగిపట్టెడ

పలమనేరు వారు చెప్పిన అర పైసా లెక్క నాకు కూడా కొత్తే, కాగితం మీద వేసి చూసుకున్నాను. గుమాస్తా గారూ, అమ్మకాల బ్యాచ్ గురించి ఒక మాట చెప్పడం మరిచాను. మామిడి గుజ్జు మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది 2025 సెప్టెంబరు 22న. పాత మాక్రోతోనే అమ్మకాలు ఎక్కించి ఉంటే, అక్టోబరు 9న 5 శాతంతో వేసిన బిల్లు సెప్టెంబరు 10న పడేది. అంటే ఆ తేదీకి 12 శాతం ఉండవలసిన చోట 5 శాతం ఉన్నట్లు, అదీ వేరే నెల రిటర్న్‌లో కనిపించేది. మామిడి కాయ కొనుగోలుకు పన్ను లేదు కనుక ఈసారి బతికిపోయారు. స్టాక్ ఐటమ్‌లో పన్ను రేటును నేరుగా మార్చకుండా, సెప్టెంబరు 22 నుంచి అమలు అన్న తేదీతో కొత్త రేటును చేర్చుకుని, ఆ తరువాతే అమ్మకాల బ్యాచ్ ముట్టుకోండి.

కొనుగోళ్లను రెండోసారి పంపే ముందు మీ దగ్గర కాగితం మీద మూడు అంకెలు ఉండాలి: చీటీల సంఖ్య, రూపాయల మొత్తం, చీటీ నంబర్లన్నీ కూడితే వచ్చే మొత్తం. మూడోది వినడానికి అర్థం లేనిదిగా ఉంటుంది, చీటీ నంబర్లను కూడి ఏం చేసుకుంటామని అనిపిస్తుంది. బ్యాచ్ పద్ధతిలో లెక్కలు రాసిన పాతతరం వారు అది లేకుండా బ్యాచ్‌ను మూసేవారు కాదు. ఒక చీటీ పోయి మరొకటి రెండుసార్లు పడితే సంఖ్య మారదు. రెండింటి విలువా సమానమైతే రూపాయలూ మారవు. నంబర్ల మొత్తం మాత్రం మారి తీరుతుంది. మీ నంబర్లు వరుసగా ఉన్నాయి కనుక 2,001కి 3,184 కలిపి 592తో (1,184లో సగంతో) గుణించండి, 30,69,520 రావాలి. వీటికి తోడు మీ విషయంలో రోజువారీ మొత్తాలు కూడా పోల్చుకోవాలి. తేదీ తిరగబడితే పై మూడు అంకెల్లో ఏదీ పట్టుకోలేదు.

అసలు కంపెనీలోకి (టాలీలో ఒక సంస్థ పుస్తకాలన్నిటినీ కలిపి కంపెనీ అంటారు) ఒకేసారి పంపవద్దు. బ్యాకప్‌ను వేరే ఫోల్డర్‌లో రీస్టోర్ చేసుకుని, ఆ నకలులో ముందు పంపి చూడండి. నేను బ్యాకప్‌కు వ్యతిరేకిని కానని బ్యాకప్_ముందు గారు కూడా గమనించగలరు.

బ్యాకప్_ముందు

గమనించాను సార్. మా నాలుగింటిలో ఒకటి గత ఏడాదే ప్రైవేట్ లిమిటెడ్ అయింది. దాని విషయంలో నేను కూడా పద్ధతి మార్చుకోవలసిందే.

గుమాస్తా_చిత్తూరు

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి, పని పూర్తయ్యాకే రాద్దామని ఆగాను.

ఇంపోర్ట్ తరువాత రెండు రోజుల్లో మా క్యాషియర్ అరవైకి పైగా బ్యాంకు వోచర్లు ఎక్కించి ఉన్నాడు. బ్యాకప్ పరిచి ఉంటే అవన్నీ పోయేవి. 391 వోచర్లనూ తొలగించి, కారణం రాసి, డైరెక్టర్ గారి సంతకం తీసుకున్నాను. ఆయన చదివి, డిసెంబరు మామిడి ఎంతకు కొన్నామని ఒక్క ప్రశ్న అడిగి సంతకం పెట్టారు. గత సంవత్సరపు లాభం ముద్రించిన ప్రతితో మళ్లీ పైసాతో సహా కలిసింది.

ఆ ఆరు చీటీలూ తరుగు లోడ్లవే. రైతు మొత్తాన్ని తీసివేతతో రాబట్టేలా మాక్రోలో ఒక్క వరుస మార్చాను. కొత్త సీఎస్‌వీతో నకలు కంపెనీలోకి పంపితే 44 చీటీలు లెడ్జర్ లేదని తిరిగొచ్చాయి. పాత 19కి తోడు, తేదీ తప్పు చాటున దాగిన మరో 25 ఇప్పుడు బయటపడ్డాయి. పేర్లు సరిచేసే పనిలో ఉండగా పలమనేరు వారు చెప్పినట్లు ఒకే పేరున్న రైతులను వెతికాను. మూడు జంటలు దొరికాయి. ఒక జంటలో ఒకరిది బంగారుపాళెం వైపు, మరొకరిది గుడిపాల వైపు. ఇద్దరికీ కలిపి ఒకే లెడ్జర్ నాలుగేళ్లుగా నడుస్తోంది. పాత చెల్లింపులను కాటా చీటీలతో సరిచూసే పని ఇంకా మిగిలి ఉంది, దానికి నాకు కనీసం వారం పడుతుంది.

రెండోసారి నకలులో 1,184 చీటీలూ ఎక్కాయి, ఒక్కటీ తిరిగి రాలేదు. రూపాయల మొత్తం కలిసింది, రోజువారీ మొత్తాలు జూన్ 1 నుంచి 30 వరకు కలిశాయి. ఇక అసలు కంపెనీలోకి పంపవచ్చనుకుని, కేవలం ఆడిట్ గారి మాట మీద గౌరవంతో కొనుగోలు వోచర్లను ఎక్సెల్‌లోకి తీసి సప్లయర్ ఇన్‌వాయిస్ నంబర్లను కూడి చూశాను. 30,69,520 రావలసిన చోట 30,69,547 వచ్చింది. తేడా 27.

నేను పనిలో చేరిన కొత్తలో మా పాత హెడ్ గుమాస్తా గారు చెబుతుండేవారు, తేడా తొమ్మిదితో భాగింపబడితే పక్క పక్క అంకెలు తారుమారై ఉంటాయేమో ముందు చూడమని. 27 తొమ్మిదితో భాగింపబడుతుంది. నంబర్లను వరుసలో పెట్టి చూస్తే 2,896 రెండుసార్లు ఉంది, 2,869 ఎక్కడా లేదు. ఆ రోజు కరెంటు పోయి కాటా కంప్యూటర్ ఆగినందువల్ల చేతిరాత చీటీలు ఇచ్చి, మరునాడు కంప్యూటర్‌లో ఎక్కించారు. చీటీల కట్ట తెప్పించి చూశాను. బరువు, పేరు, తేదీ అన్నీ సరిగానే ఉన్నాయి, నంబరు ఒక్కటే తిరగబడింది. దానిని దిద్ది, బ్యాచ్‌ను నిన్న సాయంత్రం అసలు కంపెనీలోకి పంపాను. నంబర్ల మొత్తం 30,69,520 వచ్చింది. అమ్మకాల బ్యాచ్‌ను సోమవారం మొదలుపెడతాను.